పొట్టి నల్ల కోటు, పెద్ద తెల్ల కాలర్: పాత ఇంగ్లిష్ స్కూలు డ్రెస్ ఎవరైనా కుట్టించారా?

తెనాలి_రంగస్థలం

అందరికీ నమస్కారం. మా స్కూలు యాన్యువల్ డేకి ఈసారి ఇంగ్లిష్ నాటకం వేస్తున్నాం. కథ 1890లలో, ఇంగ్లండ్‌లోని ఒక హాస్టల్ స్కూల్లో జరుగుతుంది. ఆరుగురు మగపిల్లల పాత్రలు, వేసేది ఎక్కువగా ఆడపిల్లలే. డ్రామా డ్రెస్సులు అద్దెకిచ్చే షాపులో అడిగితే వెనక రెండు తోకలున్న కోటు తీసి చూపించారు. అది వేసుకుంటే మా పిల్లలు టోపీలోంచి పావురాలు తీసేవాళ్లలా ఉన్నారు.

పాత ఫొటోల్లో నేను చూసింది వేరే. నడుము దగ్గర ఠక్కున ఆగిపోయే నల్ల కోటు, దాని మీదికి పరిచిన పెద్ద తెల్ల కాలర్. దాన్ని ఏమంటారు? పిల్లలందరూ వేసుకునేవారా, చిన్నవాళ్లేనా? మన టైలర్లు కుట్టగలరా? బడ్జెట్ సంగతి అడక్కండి, తెల్ల చొక్కాలు, ప్యాంట్లు పిల్లల దగ్గర ఉన్నవే వాడాలి.

పాత_ఫొటోల_పిచ్చి

మేడం, మీరు చెప్తున్నది ఈటన్ జాకెట్. విండ్సర్ కోట ఒక ఒడ్డున, థేమ్స్ నది దాటితే అవతలి ఒడ్డున ఈటన్ కాలేజీ. ఆరో హెన్రీ రాజు 1440లో పెట్టించింది. పేరుకు కాలేజీ గానీ మగపిల్లల హాస్టల్ స్కూలే. అక్కడి చిన్న పిల్లల కోటు ఇది. నల్ల ఉన్ని గుడ్డ, వెడల్పాటి ల్యాపెల్స్ (ఛాతీ మీద బయటికి మడిచిన అంచులు), వెనక తోకలు లేవు, ముందు గుండీలు పెట్టకుండా తెరిచే వదిలేస్తారు. లోపల చేతుల్లేని వెయిస్ట్‌కోటు, కింద బూడిద రంగు ప్యాంటో చారల ప్యాంటో, నెత్తిన పొడుగు సిల్కు టోపీ. గంజి పెట్టి బిరుసెక్కించిన కాలర్ కోటు పైకి వస్తుంది. దాన్నీ ఈటన్ కాలర్ అనే అన్నారు.

"అందరూ వేసుకునేవారా" అన్నారు కదా, అసలు మజా అక్కడే ఉంది. చూసేది ఎత్తు. ఐదడుగుల నాలుగంగుళాల లోపు ఉంటే పొట్టి కోటు, అది దాటితే తోకల కోటు. ఈ పద్ధతి 1967 దాకా సాగింది. ఆ తర్వాత పొట్టి కోటు ఎత్తేసి అందరికీ తోకల కోటే చేశారు. ఇప్పటికీ ఈటన్ పిల్లలు క్లాసుకు వెళ్లేది అందులోనే. కాబట్టి మీ అద్దె షాపు కోటును కొట్టిపారేయకండి, పెద్ద కుర్రాళ్ల వేషానికి పనికొస్తుంది.

పిల్లలు ఈ పొట్టి కోటును 'బమ్ ఫ్రీజర్' అనేవాళ్లు. వెనక కప్పే గుడ్డ లేదు, అక్కడ చలి మామూలుది కాదు. మిగతాది మీరే అర్థం చేసుకోండి.

ఓరుగల్లు_పోరడు

ఎత్తు తక్కువుంటే చిన్న కోటా? మంచిగుంది. ప్రేయర్ల ఎప్పుడు నిలబెట్టినా లైనుకు మొదట నేనే. ఆడ సదివుంటే ఆఖరు రోజు దాంక నాకు పొట్టి కోటే గతి, నా తమ్ముడు మాత్రం తోకలేసుకొని తిరుగుతుండె.

పాత_ఫొటోల_పిచ్చి

అవును తమ్ముడూ, గొంతు మారినా, మీసం మొలిచినా, గోడకు నిలబెట్టి కొలిస్తే ఆ గీత దాటనంతవరకు చిన్నవాళ్ల లెక్కే. తల్లిదండ్రుల బాధ ఇంకోటి. పిల్లాడు ఒక వేసవిలో గబుక్కున పొడుగైతే ఆ కోటు సరిచేయడం ఉండదు, మొత్తం సెట్టు మార్చాలి.

గుంటూరు_గోంగూర

మేడం గారూ, ఇంత వెతుకులాట ఎందుకండీ. చాలా ఫేమస్ ఫొటో ఒకటుంది. లార్డ్స్ గ్రౌండ్ బయట పొడుగు టోపీలు పెట్టుకున్న ఇద్దరు ఈటన్ కుర్రాళ్లు, పక్కన వాళ్లను చూసి నవ్వుతున్న ముగ్గురు మామూలు పిల్లలు. అది ప్రింటు తీసి టైలర్‌కి ఇచ్చేయండి. అయిపోయె.

పాత_ఫొటోల_పిచ్చి

ఆ ఫొటో టైలర్‌కి ఇవ్వొద్దు మేడం. ఆ ఇద్దరూ ఈటన్ వాళ్లు కాదు, ఒంటి మీద ఉన్నది పొట్టి కోటూ కాదు.

అది 1937 జులై 9న తీసింది. లార్డ్స్‌లో ఏటా జరిగే ఈటన్, హ్యారో స్కూళ్ల క్రికెట్ మ్యాచ్ రోజు. జిమ్మీ సైమ్ అనే ప్రెస్ ఫొటోగ్రాఫర్ తీశాడు. ఆ టోపీల కుర్రాళ్లు ఇద్దరూ హ్యారో విద్యార్థులు. మ్యాచ్‌కి ప్రత్యేకంగా వేసుకునే ముస్తాబు అది: తోకల కోటు, పట్టు వెయిస్ట్‌కోటు, గుండీ కాజాలో పువ్వు, చేతికర్ర. కారు కోసం ఎదురు చూస్తున్నారు. పక్కనున్న ముగ్గురు దగ్గర్లోని బడి పిల్లలు. పొద్దున పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లి, అటునుంచి బడికి పోకుండా, మ్యాచ్‌కి వచ్చిన వాళ్ల సామాన్లు మోసి నాలుగు డబ్బులు సంపాదిద్దామని లార్డ్స్ దగ్గర తచ్చాడుతున్నారు. మర్నాడు పేపర్లో ఫొటో పడింది. అప్పట్నుంచి ఇంగ్లండ్‌లో ధనిక, పేద తేడా గురించి ఎవరు ఏం రాసినా ఈ ఫొటో పెడతారు, కింద "ఈటన్ పిల్లలు" అని రాస్తారు.

ఒకటి చెప్పాలి, ఇది మన వాళ్లు చాలామందికి తెలీదు. ఆ ఇద్దరు హ్యారో కుర్రాళ్లలో ఒకడి నాన్న సైన్యంలో అధికారి, ఇండియాలో పని. ఫొటో తీసిన మరుసటేడు సెలవులకు అమ్మానాన్నల దగ్గరికి ఓడెక్కి వచ్చాడు. వచ్చిన కొద్దిరోజులకే డిఫ్తీరియా పట్టుకుంది. 1938 ఆగస్టులో, పదహారేళ్ల వయసులో, మన సికింద్రాబాద్ తిరుమలగిరిలో పోయాడు.

ఓరుగల్లు_పోరడు

తిరుమలగిరి అంటే మన తిరుమలగిరేనా? కంటోన్మెంటు?

పాత_ఫొటోల_పిచ్చి

మనదే. వాళ్ల కాగితాల్లో 'ట్రిముల్‌గెర్రీ' అని ఉంటుంది. అప్పట్లో అక్కడ పెద్ద బ్రిటిష్ సైనిక స్థావరం.

ఓరుగల్లు_పోరడు

రోజూ ఆ చౌరస్తల సిగ్నల్ కాడ ఆగుతనన్నా నేను. లండన్ల ఫొటోకు ఎక్కిన పోరడు ఈడికొచ్చి సచ్చిపోయిండని ఇన్నేండ్లల్ల ఎవరూ చెప్పలే.

అయినా ఒక మాట అడుగుత, ఎవరూ గరం కావొద్దు. వాళ్ల బట్టల మీద మనకు ఇంత పాయిరం ఎందుకు? మా అక్క కొడుకు ఎల్‌కేజీ. ఏప్రిల్‌ల టై, బెల్టు, సాక్సులు, బూట్లు. ఆటోల కూసునేసరికి పోరడు చెమటల తడిసి ముద్దయితడు. ఆ టై ఎవల కోసం? ఇప్పుడు మీరు మళ్ల ఉన్ని కోటు అంటున్నరు.

తెనాలి_రంగస్థలం

బాబూ, నాది నాటకం. నలభై నిమిషాలు. ఉన్ని కోటు అని నేను అనలేదు, స్టేజీ లైట్ల కింద నిలబెట్టి పిల్లల్ని ఉడకబెడతానా? టై విషయంలో మాత్రం నీతో వంద శాతం ఏకీభవిస్తా. స్టాఫ్ మీటింగులో ఆ మాట అన్నందుకు నా వంక ఎలా చూశారో ఇక్కడ రాయను.

మోడరేటర్

స్కూలు టైల గురించి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్లండి. ఇక్కడ కోటు.

స్లౌ_నుంచి

నేను ఉండేది స్లౌలో. ఈటన్ పక్క ఊరే, నడిచి వెళ్లిపోవచ్చు. ఊరి నుంచి ఎవరొచ్చినా విండ్సర్ కోట చూపించి, వంతెన దాటించి ఈటన్ హై స్ట్రీట్‌లో టీ తాగించడం మా ఇంటి ఆచారం. ఆ వీధిలో స్కూలు బట్టలు కుట్టే పాత టైలరు షాపులున్నాయి. అద్దాల్లో ఇప్పుడు కనిపించేది తోకల కోట్లు, వెయిస్ట్‌కోట్లు. పొట్టి కోటు అంటే పాత ఫొటోల్లోనే.

నలుపు రంగు ఎలా వచ్చిందో అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. అంతకుముందు పిల్లలు రంగు రంగుల కోట్లే వేసుకునేవారట. మూడో జార్జి రాజుకు ఈటన్ అంటే ప్రాణం, కోట నుంచి తరచూ వచ్చిపోయేవాడు. ఆయన పుట్టినరోజు జూన్ 4 పేరు మీద స్కూల్లో ఇప్పటికీ పండగ చేస్తారు. 1820 జనవరిలో ఆయన పోతే సంతాపంగా నలుపు వేసుకున్నారనీ, మళ్లీ మార్చలేదనీ అంటారు. వినడానికి బాగుంటుంది. నాకైతే పూర్తిగా నమ్మాలనిపించదు. ఆ శతాబ్దంలో మగవాళ్ల బట్టలన్నీ ఎటూ నలుపుకే తిరిగాయి, రాజు పోయినా పోకపోయినా.

పాత_ఫొటోల_పిచ్చి

నాదీ అదే అనుమానం. పొట్టితనానికి మాత్రం పాత మూలాలున్నాయి. 1780ల నుంచి ఇంగ్లండ్‌లో చిన్న మగపిల్లలకు వేసిన 'స్కెలిటన్ సూట్' అంటే పొట్టి జాకెట్, దాని అంచుకే గుండీలతో తగిలించిన ప్యాంటు. 1790లలో రెండో ఎర్ల్ స్పెన్సర్ పేరు మీద తోకల్లేని కోటు ఫ్యాషన్ అయింది. చలిమంట దగ్గర నిలబడితే తోకలు కాలిపోయాయనీ, దాంతో మిగతాది కత్తిరించేశాడనీ ఒక పిట్టకథ. దాన్నే ఆడవాళ్లు ఎత్తు నడుము గౌన్ల మీద వేసుకున్నారు. నడుము దాకానే ఉండే కోటు అప్పటికే అందరికీ అలవాటైన వస్తువు. ఈటన్ దానికి తన ముద్ర వేసింది, అంతే.

ఆ తర్వాత అది ఈటన్‌లో ఆగలేదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగానికి ఇంగ్లండ్‌లో కాస్త కలిగిన ఇంటి మగపిల్లాడికి ఆదివారం చర్చికి వేసేది ఈటన్ సూటే. ఈటన్ గేటు ముఖం చూడనివాళ్లు కూడా. గంజి ఖర్చు భరించలేనివాళ్లకు తడిగుడ్డతో తుడుచుకునే సెల్యులాయిడ్ కాలర్లు బజార్లో దొరికేవి. 1890లలో ఆడవాళ్ల ఫ్యాషన్‌లోకీ వచ్చింది, పొడుగు స్కర్టు మీద ఈటన్ జాకెట్. అంటే మేడం, మీ నాటకం కాలానికి టీచరమ్మ పాత్ర ఉంటే ఆవిడకూ వేయొచ్చు.

తెనాలి_రంగస్థలం

టీచరమ్మ పాత్ర ఉంది, హాస్టల్ మేట్రన్ కూడా ఉంది. అయితే ఒక చిక్కు. ఈ ఎత్తు సంగతి చదివాక పాత్రల లిస్టు ముందేసుకుని కూర్చున్నా. అందరికంటే చిన్నవాడి వేషం వేసే అమ్మాయి ఐదడుగుల ఆరంగుళాలు. గొంతు సన్నగా ఉందని ఆ పాత్రకు తీసుకున్నా. అందరినీ హడలగొట్టే సీనియర్ వేషం వేసే అమ్మాయి, బాగా చేస్తుంది, ఐదడుగులు కూడా లేదు. ఇప్పుడు పాత్రలు మార్చమంటారా?

స్లౌ_నుంచి

మార్చొద్దు మేడం!! రూలు ప్రకారమే వెళ్లండి. చిన్నవాడికి తోకల కోటు, సీనియర్‌కి పొట్టి కోటు. నాటకంలో ఒక్క డైలాగు చాలు, కోటు ఎత్తును బట్టి అని. ఆ తర్వాత వాడు ఎందుకంత కోపంగా ఉంటాడో ప్రేక్షకులకు వేరే చెప్పక్కర్లేదు.

ఓరుగల్లు_పోరడు

గా సీనియర్ బాధ నాకు ఎరుకే. ఆ పాపకు నా తరఫున ఆల్ ది బెస్ట్ చెప్పుండ్రి.

తెనాలి_రంగస్థలం

ఇది నాకు తట్టనేలేదు. రెండో అంకంలో ఆ సీనియర్, కొత్తగా వచ్చిన ఈ చిన్న కుర్రాడి టోపీ లాక్కుని దాన్ని తన్నే సీను ఉంది. ఇప్పటిదాకా అది ఊరికే రౌడీతనంలా ఉండేది. కొత్త కుర్రాడు తోకల కోటులో దిగితే ఆ సీను మొత్తం మారిపోతుంది. ఇవాళ్టి రిహార్సల్లో చేయించి చూస్తా.

విశాఖ_తీరం

నేను నేవీలో చేసి రిటైరైన మనిషిని. ఈ చర్చ చదువుతుంటే నా బీరువాలో ఉన్న తెల్ల మెస్ జాకెట్ గుర్తొచ్చింది. కోత చూస్తే మీ ఈటన్ కోటు తమ్ముడే. నడుము దాకా, ముందు తెరిచి, భుజాల మీద ర్యాంకు పట్టీలు, కింద నడుముకు కమర్‌బంద్. అధికారులు మెస్‌లో రాత్రి విందుకు వేసుకునేది.

సైన్యంలో దీని దారి వేరు. గుర్రపు దళం వాళ్లకు లాయం పనులప్పుడు వేసుకునే పొట్టి జాకెట్ ఒకటి ఉండేది. జీను మీద కూర్చుంటే తోకలు అడ్డు కదా. పని బట్టలు గనక సౌకర్యంగా ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ అధికారులు డ్యూటీ అయ్యాక మెస్‌లో అదే వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. క్రమంగా దానికి బంగారు జరీ, పట్టు అంచులు వచ్చి విందు దుస్తులైంది. లాయంలో పేడ ఎత్తిన కోటు భోజనాల బల్ల దగ్గర పెద్దరికం సంపాదించుకుంది. స్వాతంత్ర్యం వచ్చాక మన దళాలూ ఈ మెస్ డ్రెస్‌ను కొనసాగించాయి. నేవీలో ఎండకాలానికి ఇంకో సులువు ఉంది. కోటే వద్దు, పొట్టిచేతుల తెల్ల చొక్కా, భుజం పట్టీలు, కమర్‌బంద్. దాన్ని రెడ్ సీ రిగ్ అంటాం. ఎర్రసముద్రం మీద ఓడలో ఆ ఉక్కకు కోటు వేసుకుని అన్నం తినడం మనిషివల్ల కాదు.

సరదా ముచ్చట ఒకటి. మెస్‌లో వడ్డించే స్టీవార్డులూ తెల్ల పొట్టి కోట్లే వేసుకుంటారు. ఒకసారి విశాఖలో మెస్ విందుకు కొత్తగా పెళ్లయిన కుర్ర ఆఫీసరు వాళ్ల అమ్మగారు వచ్చారు, శ్రీకాకుళం పక్క పల్లె. నేను పలకరిద్దామని దగ్గరికి వెళ్లానా, ఖాళీ గ్లాసు నా చేతిలో పెట్టి "బాబూ, మంచినీళ్లు చల్లగా ఉన్నవి తెచ్చిపెట్టు నాయనా" అన్నారు. తెచ్చిపెట్టాను. ఆ కుర్రాడి మొహం చూడాలి. వాళ్లమ్మ మాత్రం ఆ రాత్రంతా ఏం కావాలన్నా నన్నే పిలిచారు.

గుంటూరు_గోంగూర

సార్, మీ కథ సూపర్. నేను అడగాలనుకున్నది కూడా అదే. స్టార్ హోటళ్లలో వెయిటర్లు, పెళ్లి బ్యాండు వాళ్లు వేసుకునేవీ ఇదే కోటు కదా? రాజుల బడి డ్రెస్సు సప్లయర్లకు ఎలా దిగింది?

పాత_ఫొటోల_పిచ్చి

అమెరికాలో జరిగిన సంగతి ఒకటి చెప్తే అర్థమవుతుంది. 1930ల మొదట్లో అక్కడ డబ్బున్న కుర్రకారు వేసవి పార్టీలకు తెల్ల మెస్ జాకెట్ వేయడం మొదలెట్టారు. కొన్నేళ్లు ఎక్కడ చూసినా అదే. హోటళ్ల వాళ్లు చూశారు, వెయిటర్లకు, బ్యాండు వాళ్లకు, సామాన్లు మోసే కుర్రాళ్లకు అదే కుట్టించారు. వంగినా లేచినా అడ్డురాదు, గుడ్డ తక్కువ పడుతుంది. పార్టీలో ఎవరు అతిథో ఎవరు వెయిటరో తెలీని పరిస్థితి వచ్చేసరికి అతిథులు ఆ కోటు మానేశారు. పదేళ్లు కూడా నిలవలేదు ఆ ఫ్యాషన్. పైగా బొజ్జ ఉన్నవాడికి అది శత్రువు. ఏదీ దాచదు.

విశాఖ_తీరం

చివరి మాట అక్షరాలా నిజం. అందుకే నా జాకెట్ బీరువాలో ఉంది.

ఒకయామా_ఇల్లు

నమస్తే అండీ, జపాన్ నుంచి. ఈటన్ అనే మాట చూసి ఆగాను. మా పాప ఇక్కడి ప్రభుత్వ ఎలిమెంటరీ స్కూల్లో చదువుతోంది. జపాన్‌లో చాలా ఊళ్లలో ఆ వయసు పిల్లలకు యూనిఫాం ఉండదు, మా ఒకయామా లాంటి పడమటి జిల్లాల్లో మాత్రం ఎక్కువ. అబ్బాయిలకు నేవీ బ్లూ పొట్టి కోటు, నిక్కరు. ఆ కోటును షాపులో 'ఈటన్' అనే అమ్ముతారు. కానీ మీరు చెప్పిన వెడల్పు ల్యాపెల్స్ లేవు. కాలరే ఉండదు, మెడ దగ్గర గుండ్రంగా ఉంటుంది, లోపలి చొక్కా తెల్ల కాలర్ తీసి పైకి పరుస్తారు. అమెరికాలోనూ చిన్నపిల్లల పెళ్లి బట్టల్లో ఇలా కాలర్ లేని ఈటన్ సూట్లు ఉండేవని మా పక్కింటావిడ పాత కుట్టు పుస్తకంలో చూశాను.

మా దగ్గర కురాషికి ఊళ్లో కొజిమా అనే పేట ఉంది, దేశమంతటికీ స్కూలు యూనిఫాంలు కుట్టే చోటు. జీన్స్‌కీ అదే పేరు. అక్కడ చిన్న సైజు కోట్లలో ఒక ఏర్పాటు చూశాను, చేతులు లోపలికి రెండు మడతలు వేసి కుడతారు, పిల్లలు పెరిగేకొద్దీ ఇంట్లోనే ఒక్కో కుట్టు విప్పుకోవచ్చు.

పొట్టి కోటుకు ఇక్కడ ఇంకో చరిత్ర ఉంది. పెద్ద క్లాసుల అబ్బాయిలది గకురాన్ అనే నిలువు కాలర్ నల్ల కోటు. డెబ్బైలు, ఎనభైల్లో రౌడీ పిల్లలు దాన్ని నడుము దాకా కత్తిరించి కుట్టించుకుని, కింద గుమ్మటాల్లాంటి వదులు ప్యాంటు వేసేవాళ్లు. టీచర్లు గేటు దగ్గర స్కేలు పట్టుకుని కోటు పొడవు కొలిచేవారని మా ఆయన ఆఫీసులో పెద్దవాళ్లు చెప్పుకుంటారు. ఈటన్‌లో పొట్టి కోటు వద్దని పిల్లలు పొడుగవ్వాలని చూస్తే, ఇక్కడ పొట్టి కోటు కోసం తన్నులు తిన్నారు.

స్లౌ_నుంచి

భలే. ఇక్కడ పొట్టి కోటు ఇంకా బతికున్న చోటు చర్చి గాయకబృందాలు. కేంబ్రిడ్జి కింగ్స్ కాలేజీ చాపెల్‌లో పాడే చిన్నపిల్లలు స్కూలు నుంచి చాపెల్ దాకా ఈటన్ సూట్లు, పొడుగు టోపీలతో వరుసగా నడిచి వెళ్తారు. ఆ కాలేజీ పెట్టిందీ ఆరో హెన్రీయే. మేడం, ఆ వీడియోలు వెతకండి, కాలర్ కోటు మీద ఎలా కూర్చుంటుందో స్పష్టంగా కనిపిస్తుంది.

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

నమస్తే మేడం. ఇంతసేపు చదివిన. చరిత్ర అందరు చెప్పిన్రు, కుట్టుడు నేను చెప్త. మాది టైలర్ల ఖాందాన్, మా నాయన కంటోన్మెంట్ల మెస్ జాకెట్లు కుట్టేటోడు. ఆయన చెప్పేది ఒకటే, పొడుగు కోటుల తప్పు దాసుకోవచ్చు, పొట్టి కోటుల దాసలేవు అని.

కొత్త గుడ్డ కొనకండి. పాత నల్ల స్కూలు బ్లేజర్లు పట్టుకొచ్చుకోండి. పై క్లాసులకు పోయిన పిల్లలయి ఇండ్లల్ల పడుంటయి. సైజు చూసేటప్పుడు భుజం, చంక సరిపోవాలె, పొడవు ఎంతున్నా ఫికర్ లేదు. పిల్లకు తొడిగి, నడుముకు తాడు కట్టి, తాడు మీదుగ సుద్దతో గీత గీయండి. ఆ గీతకు ఒకటిన్నర అంగుళం కిందికి కత్తిరించాలె, ఆ ఒకటిన్నర లోపలికి మడతకు. కింది జేబులు కోతలనే పోతయి, మంచిదే, పొట్టి కోటుకు జేబులుంటే ఉబ్బుగ కనపడ్తది. లైనింగు కోటు కంటె అర అంగుళం పైకే ఆపాలె, లేకుంటె కిందికి వేలాడ్తది.

వెనక సరిగ్గ అడ్డంగ కోస్తే పిల్ల వంగినప్పుడు పైకి లేస్తది. నడుమ వెన్నుపూస దగ్గర అర అంగుళం కిందికి దింపి, కొద్దిగ మొనలెక్క చెయ్యండి. ముందుకు గుండీలు, కాజాలు ఉంటే అట్లనే ఉండనియ్యండి, పెట్టుకోరు గద. కానీ ల్యాపెల్ బ్లేజర్ది చిన్నగుంటది. దాన్ని ఇస్త్రీ పెట్టి కింది దాంక తిప్పేస్తే వెడల్పు కనిపిస్తది, స్టేజీ మీదికి సాలు.

కాలర్ చొక్కాకు కుట్టకండి. విడిగ చెయ్యండి. తెల్ల కాటన్, లోపల బక్రం (బిరుసు గుడ్డ) రెండు పొరలు, వెడల్పు మూడంగులాల దాంక. మెడ వెనక ఒకటి, ముందర ఒకటి టిచ్ బటన్ పెడితే చొక్కాకు పట్టుకుంటది. చిక్కటి గంజి, తడి ఆరకముందే ఇస్త్రీ. చెమటకు మెత్తబడ్తది గనక ఒక్కో పిల్లకు రెండు కాలర్లు చేసి ఇంటర్వెల్‌ల మార్చండి.

అసలు ముఖ్యం ప్యాంటు. ఇప్పటి పిల్లల ప్యాంట్లు నడుము కిందికి ఉంటయి. చెయ్యి ఎత్తంగనే కోటుకూ ప్యాంటుకూ మధ్యల చొక్కా బయటికొస్తది, మొత్తం వేషం పోయె. వెయిస్ట్‌కోటు కుట్టే పైసలు లేకుంటె బూడిద రంగు గుడ్డతో నాలుగంగులాల పట్టీ కుట్టి నడుముకు కట్టండి. ముందల నుంచి చూస్తే వెయిస్ట్‌కోటు అంచు లెక్కనే ఉంటది.

తెనాలి_రంగస్థలం

మాస్టర్ గారూ, ఏమిచ్చి మీ రుణం తీర్చుకోను. ఇదంతా ప్రింటు తీసి మా టైలర్ చేతికిస్తా. బ్లేజర్ల కోసం పేరెంట్స్ గ్రూపులో మెసేజ్ పెడితే గంటలో పది దాకా వచ్చాయి, అన్నీ నేవీ బ్లూ. నలుపు రెండే. నడుస్తుందా? జేబు మీద స్కూలు బ్యాడ్జీ కుట్టి ఉంది, అదెలా?

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

నేవీ బ్లూ రాత్రి లైట్లల్ల నల్లగనే కనపడ్తది, కానీ పక్కన నలుపు ఉంటే తేడా తెలుస్తది. అందుకని పొట్టి కోట్లన్నీ బ్లూవే వాడండి, ఆ రెండు నలుపు పక్కన పెట్టండి. బ్యాడ్జీ విప్పితే కింద రంగు ముదురుగ మచ్చ ఉంటది, రుమాలు పెట్టి కప్పేయండి.

స్లౌ_నుంచి

మాస్టర్ గారి సలహా చరిత్ర ప్రకారం కూడా బాగుంది. సంతాపం కథ నిజమైనా కాకపోయినా, నలుపుకు ముందు పిల్లలు వేసుకున్న రంగుల్లో నీలం కూడా ఉండేదని చెప్తారు.

తెనాలి_రంగస్థలం

నిన్నటి రిహార్సల్ సంగతి. అద్దె తోకల కోటు ఒకటి తెప్పించి పొడుగమ్మాయికి వేశా, సీనియర్ అమ్మాయికి పిన్నులు పెట్టి మడిచిన బ్లేజరు. కొత్త కుర్రాడు గుమ్మంలోంచి రాగానే సీనియర్ వాడి వైపు తలెత్తి చూసి, తన కోటు అంచు రెండు చేతులతో కిందికి లాక్కుంది. నేను చెప్పలేదు, తనే చేసింది. చూస్తున్న మిగతా పిల్లలు నవ్వడం మానేశారు.

ఇక మిగిలింది టోపీలు. ఆరు పొడుగు టోపీలు ఎక్కడ దొరుకుతాయి? చార్టుతో చేస్తే పుట్టినరోజు టోపీల్లా ఉన్నాయి.

పాత_ఫొటోల_పిచ్చి

ఆరు దేనికి మేడం? ఇంట్లో, క్లాసులో టోపీ తీసేయాలి, అది మర్యాద. మీ కథలో వీధి సీను ఎన్ని?

తెనాలి_రంగస్థలం

ఒకటే. అందులో ఇద్దరే ఉంటారు.

కటింగ్_మాస్టర్_సికింద్రాబాద్

అయితే రెండే చెయ్యండి. మందం అట్టకు నల్ల శాటిన్ అంటించి, అంచుకు లోపల సన్న తీగ పెట్టండి, వంపు నిలుస్తది. తన్నే టోపీ ఒకటుంది అన్నరు గద, దానికి మాత్రం ఇంకోటి ఎక్స్‌ట్రా చేసి పెట్టుకోండి.